పేరు పెట్టుకొనే హక్కు: భాగ్యరెడ్డివర్మ జీవితం

పేర్ల చరిత్రను బోధించవలసి వచ్చినప్పుడు నేను మనుస్మృతి రెండో అధ్యాయంతో మొదలుపెడతాను. బ్రాహ్మణ శిశువు పేరు మంగళాన్ని, క్షత్రియుని పేరు బలాన్ని, వైశ్యుని పేరు ధనాన్ని సూచించాలని, శూద్రుని పేరు మాత్రం జుగుప్స కలిగించాలని ఆ గ్రంథం శాసించింది. నాలుగు వర్ణాల వెలుపలికి నెట్టిన వారి బిడ్డలకు ఆ నియమంలో చోటే లేదు. పసిబిడ్డ పేరు తల్లిదండ్రుల ముచ్చట మాత్రమే కాదు, సమాజం వేసే తొలి ముద్ర కూడా. ఆ ముద్రను చెరిపివేయడానికి పెనుగులాడిన వారిలో మాదరి భాగ్యరెడ్డివర్మ అగ్రగణ్యులు.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకయ్య, రంగమాంబ. తొలి పేరు భాగయ్య. దానిని భాగ్యరెడ్డిగా మార్చినవారు కుటుంబ గురువు. రెడ్డి అనే మాటకు మూలం పాలకుడనే అర్థమిచ్చే రేడు అనీ, ఆర్యుల రాకకు పూర్వం ఈ నేలను ఏలినవారు అస్పృశ్యుల పూర్వీకులేననీ ఆ గురువు వాదన. చరిత్రకారులు ఆ పదాన్ని శాసనాలలో గ్రామాధికారిని సూచించే రట్టగుడితో ముడిపెడతారు. ఏ వ్యుత్పత్తిని అంగీకరించినా, అది మొదట అధికారానికి పేరే తప్ప పుట్టుకతో వచ్చే కులానికి కాదు. 1913లో ఆర్యసమాజ్ ఇచ్చిన వర్మ బిరుదు దానికి తోడైంది. సంస్కృతంలో కవచమని అర్థమున్న ఆ మాటను సంప్రదాయం క్షత్రియులకే కేటాయించింది.

పై కులాల బిరుదులు ధరించడం నిచ్చెనమెట్ల వ్యవస్థను ఒప్పుకోవడమే కదా అని నా విద్యార్థులు అడుగుతుంటారు. ఆ ప్రశ్నలో బలముంది. అరువు బిరుదు ఒక మనిషిని పై మెట్టుకు చేర్చవచ్చును గాని నిచ్చెనను కూల్చలేదు. అయితే ఆయన తన పేరు దగ్గరే ఆగిపోలేదు.

1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. పంచముడంటే ఐదోవాడు. నాలుగు వర్ణాలను లెక్కించినవారు, తాము లెక్కించని వారికి అంటగట్టిన అంకె అది. ఆ పేరును ఆయన తిరస్కరించారు. ఈ నేల తొలి బిడ్డలకు తగినది ఆది ఆంధ్ర అనే పేరేనని వాదించారు. సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ పదాలకు బదులుగా ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పదాలను స్వీకరించింది. నిజాం రాజ్యంలో 1931 జనగణన నాటికి ఆది హిందువులు అనే గుర్తింపు లెక్కలకెక్కింది. ఒక్కరి పేరు మారితే ఒక్కరి గౌరవమే మారుతుంది. సమూహం తన పేరును తానే నిర్ణయించుకొంటే ప్రభుత్వ దస్తావేజులే మారవలసి వస్తుంది.

ఆయన బుద్ధ జయంతి ఉత్సవాలు కూడా జరిపించారు. ఆయన కుమారుని పేరు గౌతమ్. ఆ పేరు చివర రెడ్డి లేదు, వర్మ లేదు. తండ్రి పేరులో రాచరికపు బిరుదులుంటే, కొడుకు పేరులో వర్ణభేదాన్ని ధిక్కరించిన బోధకుడు ఉన్నాడు. ఈ ప్రయాణాన్ని నేను ఆయన సంస్కరణోద్యమానికి సంక్షిప్త చరిత్రగా చదువుతాను. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

నేడు బిడ్డ పేరుకు అర్థం వెతికే తల్లిదండ్రులు ఎక్కువగా సంస్కృతం వైపే చూస్తున్నారు. పోచమ్మ తలపుతో పెట్టిన పోచయ్య, ఎల్లమ్మ తలపుతో పెట్టిన ఎల్లయ్య మోటు పేర్లయిపోయాయి. అర్థం లేక కాదు, ఆ అర్థానికి అంతస్తు లేక. ఏ పేరు పెట్టాలన్నది తల్లిదండ్రుల ఇష్టం. కాని హాజరు పట్టీలో పోచయ్య అని పిలిచినప్పుడు తరగతి నవ్వితే, బెజవాడ సభలో మొదలైన పని ఇంకా ముగియలేదని అర్థం.