పరీక్షల గురువు ఎడ్వర్డ్ జాన్ రౌత్

పరీక్ష అన్న మాట వినగానే విద్యార్థి గుండె ఝల్లుమంటుంది. అందునా గణితంలోని యాంత్రికశాస్త్ర పరీక్ష అంటే ఇక చెప్పనక్కరలేదు. సూత్రాలన్నీ కంఠస్థమై ఉన్నప్పటికీ, గోడకు వాల్చిన నిచ్చెనో, వాలుబల్లపై దొర్లే గోళమో ప్రశ్నపత్రంలో కనిపించగానే కలం ముందుకు సాగదు. వందలాది విద్యార్థుల మనస్సులనుండి ఈ భయాన్ని తొలగించడమే జీవితవ్రతంగా చేసుకొన్న ఉపాధ్యాయుడొకడు పందొమ్మిదవ శతాబ్దంలో కేంబ్రిడ్జి నగరంలో ఉండేవాడు. ఆయనే ఎడ్వర్డ్ జాన్ రౌత్.

రౌత్ 1831 జనవరి 20వ తేదీన కెనడాలోని క్విబెక్ నగరంలో జన్మించాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో సరఫరా శాఖకు చెందిన అధికారి. వాటర్లూ యుద్ధరంగాన్ని చూచినవాడు. తల్లి ఫ్రెంచి కెనేడియన్ కుటుంబానికి చెందినది. పదకొండేళ్ల ప్రాయంలో బాలుడు ఇంగ్లండుకు చేరి, లండన్ యూనివర్సిటీ కాలేజిలో డి మోర్గాన్ శిష్యుడయ్యాడు. ఈ డి మోర్గాన్ 1806లో మన దక్షిణదేశంలోని మదురైలో జన్మించినవాడు కావడం గమనించదగిన విషయం. ఆయన సాన్నిధ్యంలోనే రౌత్‌కు గణితమే తన మార్గమన్న నిశ్చయం కలిగింది. 1850లో కేంబ్రిడ్జిలోని పీటర్‌హౌస్ కళాశాలలో ప్రవేశించాడు.

ఆ కాలంలో కేంబ్రిడ్జి గణిత పట్టపరీక్షను ట్రైపాస్ అనేవారు. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైనవారు రాంగ్లర్లు. వారిలో అగ్రగణ్యుడు సీనియర్ రాంగ్లర్. ఆ బిరుదు పొందిన యువకుని పేరు దేశమంతటా మారుమ్రోగేది. 1854లో రౌత్ వ్రాసిన పరీక్ష ఎంతటిదో వింటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. ఎనిమిది దినాలు, పదహారు ప్రశ్నపత్రాలు, మొత్తం 211 ప్రశ్నలు, నలభైనాలుగున్నర గంటల వ్రాత! ఆ సంవత్సరం ప్రథమస్థానం రౌత్‌కు లభించింది. ద్వితీయస్థానంలో నిలిచినవాడు సామాన్యుడు కాదు. విద్యుదయస్కాంత సిద్ధాంతకర్తగా అనంతర కాలంలో జగద్విఖ్యాతి గాంచిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. తరువాత జరిగిన స్మిత్ బహుమతి పరీక్షలో వారిద్దరూ సమానులుగా నిర్ణయింపబడ్డారు.

1855లో పీటర్‌హౌస్‌కు చెందిన స్టీల్ అనే యువ గణితజ్ఞుడు అకాలమరణం పొందగా, ఆయన శిష్యులకు బోధించే భారం రౌత్‌పై పడింది. తాత్కాలికంగా స్వీకరించిన ఆ బాధ్యతే ముప్పదిమూడేళ్ల ఉద్యమంగా పరిణమించింది. 1888 వరకు ఆరువందల మందికి పైగా విద్యార్థులు ఆయనవద్ద శిక్షణ పొందారు. వారిలో ఇరువదియెనిమిది మంది సీనియర్ రాంగ్లర్లయ్యారు. వరుసగా ఇరువదిరెండు సంవత్సరాలు ఆ గౌరవం ఆయన శిష్యులకే దక్కింది. లార్డ్ రేలీ, జె. జె. థామ్సన్, జోసెఫ్ లార్మర్ వంటి మహామహులు ఆయన తీర్చిదిద్దినవారే.

ఇంతటి విజయానికి రహస్యమేమిటి? మంత్రమేదీ లేదు. విద్యార్థులను చిన్నచిన్న తరగతులుగా విభజించి, నియమిత వేళలకు పాఠం చెప్పేవాడు. వారం వారం పరీక్షకు తగిన సమస్యలపత్రం ఇచ్చి, సమాధానాలను దిద్ది, తానే వ్రాసిన పరిష్కారాలను అందరికీ అందుబాటులో ఉంచేవాడు. తన తప్పు ఎక్కడ ఉన్నదో విద్యార్థి తానే గుర్తించవలెను. ఒక్కనాడు కూడా క్రమం తప్పకపోవడమే ఆయన బోధనకు ప్రాణం.

యాంత్రికశాస్త్రం కోరేది కూడా ఇటువంటి క్రమశిక్షణనే. నునుపైన గోడకు, గరుకైన నేలకు ఆనిన నిచ్చెనను తీసుకొందాం. మొదట పటం గీయవలెను. తరువాత దానిపై పనిచేసే బలాలన్నిటినీ గుర్తించవలెను: నిచ్చెన భారం, గోడ ప్రతిచర్య, నేల ప్రతిచర్య, ఘర్షణ. అటుపిమ్మట నిచ్చెన పాదంవద్ద భ్రామకాలు తీసుకొంటే, నేలకు సంబంధించిన రెండు బలాలూ తమంత తామే తొలగిపోతాయి. మిగిలిన సమీకరణం సులభసాధ్యం. ఏ బిందువును ఎన్నుకోవలెనో తెలియడమే నేర్పు. అది అభ్యాసంవల్లనే అలవడుతుంది.

జడత్వ భ్రామకాలకు సంబంధించి రౌత్ పేరిట ఒక నియమం నేటికీ ప్రచారంలో ఉన్నది. సౌష్ఠవం గల వస్తువుకు కేంద్రంగుండా పోయే సౌష్ఠవాక్షం గురించిన భ్రామకం కావలెనంటే, దానికి లంబంగా ఉన్న అర్ధాక్షాల వర్గాలను కూడి, ద్రవ్యరాశిచే గుణించి, దీర్ఘచతురస్రాకారాలకు 3చేతను, వృత్త దీర్ఘవృత్తాలకు 4చేతను, గోళం వంటివాటికి 5చేతను భాగించవలెను. పుటలకొద్దీ సమాకలనాలను ఒక్క వాక్యంలో ఇమిడ్చిన ఈ నియమం పరీక్షార్థికి ఎంత మేలు చేస్తుందో వేరుగా చెప్పనవసరం లేదు.

ఆయన శిష్యుల చరిత్రలో మనం ప్రత్యేకంగా స్మరించవలసినది న్యూమా హార్టోగ్ గాథ. యూదుమతస్థుడైన ఈ యువకుడు 1869లో సీనియర్ రాంగ్లరుగా ఉత్తీర్ణుడయ్యాడు. ఆ స్థానం పొందినవానికి కళాశాలలో ఫెలోషిప్ లభించడం పరిపాటి. కాని క్రైస్తవ విశ్వాసాన్ని ప్రకటించే ప్రమాణం చేయలేనందున అతనికి ఆ పదవి దక్కలేదు. ప్రశ్నపత్రం మతం అడగలేదు. పదవి మాత్రం అడిగింది. హార్టోగ్ ప్రభువుల సభాసంఘం ఎదుట సాక్ష్యమిచ్చాడు. 1871 జూన్‌లో మతపరమైన ఆ నిర్బంధాలను తొలగించే చట్టం అమలులోకి వచ్చింది. కొద్ది దినాలకే, ఇరువదియైదేళ్ల వయస్సులో, మశూచికి గురియై అతడు కన్నుమూశాడు. తాను అనుభవించలేని హక్కును తరువాతివారికి సంపాదించి పెట్టినవారిలో అతడొకడు.

రౌత్ కేవలం పరీక్షల గురువు మాత్రమే కాడు. 1860లో వెలువడిన ఆయన దృఢవస్తు గతిశాస్త్ర గ్రంథం అనేక ముద్రణలు పొందింది. ఆవిరియంత్రాల వేగాన్ని అదుపుచేసే గవర్నర్లపై 1868లో మాక్స్‌వెల్ వ్రాసిన వ్యాసంలో ఒక ప్రశ్న పూర్తిగా తేలలేదు: ఒక వ్యవస్థ చలనం స్థిరంగా ఉంటుందో లేదో సమీకరణాన్ని సాధించకుండానే చెప్పడం ఎలా? 1877లో ఆడమ్స్ బహుమతి పొందిన తన వ్యాసంలో రౌత్ దీనికి సమాధానం చూపాడు. 1895లో హర్విట్జ్ స్వతంత్రంగా ఇదే ఫలితానికి వచ్చినందున ఇది వారిద్దరి పేర్లతో ప్రసిద్ధమైనది. నేడు మన ఇంజనీరింగ్ కళాశాలల్లో నియంత్రణ వ్యవస్థలు చదివే ప్రతి విద్యార్థీ రౌత్ పట్టికను వేయవలసినదే.

ఈ విధానంపై విమర్శలు లేకపోలేదు. పరీక్షలకై చేసే కసరత్తు స్వతంత్రమైన ఆలోచనను అణచివేస్తుందని, రామానుజన్‌ను ఆదరించిన హార్డీ మొదలైనవారు గట్టిగా వాదించారు. ర్యాంకులను వరుసక్రమంలో ప్రకటించే ఆచారం 1909తో ముగిసింది. ఆ విమర్శలో సత్యం లేకపోలేదు. అయినా పరీక్షకు శిక్షణ ఇచ్చిన చేతులే స్థిరత్వ సిద్ధాంతాన్ని కూడా వ్రాశాయన్నది మరువరాదు. శ్రద్ధగా సాగిన అభ్యాసం ఆలోచనకు శత్రువు కానక్కరలేదు.

1888లో రౌత్ శిక్షణకార్యం నుండి విరమించినప్పుడు, శిష్యులంతా కలిసి చిత్రకారుడు హెర్కోమర్‌చే ఆయన చిత్రపటం వ్రాయించి, ఆయన అర్ధాంగికి సమర్పించారు. 1907 జూన్ 7వ తేదీన ఆ మహోపాధ్యాయుడు కేంబ్రిడ్జిలో పరమపదించాడు.

విద్యార్థి మిత్రులారా! పరీక్ష సమీపించిన రాత్రి మాత్రమే పుస్తకం తెరచేవానికి రౌత్ జీవితంలో ఊరట కనిపించదు. వారానికొక సమస్యలపత్రం, స్వహస్తంతో గీచిన పటం, తప్పును తానే వెదకి దిద్దుకొనే ఓర్పు — ఇవి ఉన్నవానికి ఏ కులమైనా, ఏ మతమైనా, ఏ భాషయైనా నిచ్చెన జారిపోదు.