సర్ జాన్ చార్న్‌లీ

సర్ జాన్ చార్న్‌లీ 1911వ సంవత్సరమున ఇంగ్లండులోని బరీ పట్టణమున జన్మించెను. మాంచెస్టరులో వైద్యవిద్య నభ్యసించి, ఎముకల శస్త్రవైద్యుడై, రైటింగ్టన్ ఆసుపత్రిలో పనిచేసెను.

తుంటికీలు అరిగినవారికి అడుగు తీసి అడుగు వేయుట నరకయాతన. చార్న్‌లీ అట్టివారి తొడయెముక తలను తొలగించి చిన్న లోహపు గుండును, తుంటిగుంటలో టెఫ్లాను గిన్నెను అమర్చెను. రోగులు బాధ మరచి నడచిరి. కాని కొలది యేండ్లకే గిన్నెలు అరిగి, ఆ పొడి చుట్టునున్న కండను, ఎముకను చెరచెను. చార్న్‌లీ నిరాశ చెందలేదు; నిజమును దాచలేదు. ఆ రోగులకు తానే మరల శస్త్రచికిత్స చేసెను. టెఫ్లానును తన తొడలోనే చొప్పించుకొని దాని కీడును పరీక్షించెను.

1962లో మిక్కిలి మెల్లగా అరుగు పాలిథిలీనుతో గిన్నె చేయించెను. అయినను వెంటనే దానిని లోకమునకు విడువక, కొన్ని యేండ్లు రోగులను గమనించిన పిదపనే ఇతర వైద్యులకు అందించెను. 1977లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1982లో ఆయన కన్నుమూసెను.

2019లో వెలువడిన ఒక పరిశీలనము ప్రకారము, కృత్రిమ తుంటికీళ్లలో నూటికి సుమారు 58 కీళ్లు 25 ఏండ్లు నిలుచుచున్నవి. పొరపాటును ఒప్పుకొని దిద్దుకొనువాడే లోకమునకు మేలు చేయగలడని చార్న్‌లీ జీవితము మనకు బోధించుచున్నది.