యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895వ సంవత్సరమున యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పిన ఈ బాలుడు లోకమునకు ఔషధము లందింపగలడని ఆనాడు ఊహించినవారు లేరు. మూడవమారు ఉత్తీర్ణుడై, పిదప మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోవుటచే ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అను చిన్నపట్టముతో తృప్తినందవలసివచ్చెను.

ఆ యౌవనమందే ఆ యింట పిడుగు పడెను. స్ప్రూ అను గ్రహణివ్యాధిచే సోదరు లిద్దరు కొలదిదినముల యెడముతో మరణించిరి. ఆహారము వంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుని ఎముకలగూడుగా జేయు వ్యాధి యది. సుబ్బారావునకును అది సోకెను గాని, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే ఆయన బ్రతికెను. దానికి కారణమేమో ఆనాటి పాశ్చాత్యవైద్యులకు తెలియదు.

పిదప భార్య శేషగిరిని స్వదేశమున విడిచి, మామగారును కాకినాడలోని సత్యలింగ నాయకరు ధర్మనిధివారును ఇచ్చిన ధనసహాయముతో ఆయన అమెరికా చేరెను. బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనెను. రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కె అను ఆచార్యునితో కలసి 1925లో ప్రకటించెను. అది నేటికిని వారిద్దరి పేర పిలువబడుచున్నది. అయినను హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ పరిశోధనాలయమున చేరెను. స్వదేశమును గాని భార్యను గాని ఆయన మరల చూడలేదు.

లెడర్లీలో ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. లాటిను భాషలో ఫోలియమనగా ఆకు. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు పాలకూర జాతి ఆకులనుండి దీనిని వేరుచేసి ఆ పేరిడిరి. క్రొత్త కణములు పుట్టుటకు ఇది ఆవశ్యకము. స్ప్రూ రోగులకు దీనినిచ్చి చూడగా రక్తము వృద్ధియయ్యెను. తోబుట్టువులను మ్రింగిన వ్యాధికి మందు, ఇరువదియేండ్లు గడచిన పిదప ఆయన చేతికి వచ్చెను.

కణములు పెరుగుటకు ఈ ఆమ్లము కావలెనన్నచో, అదుపులేక పెరుగు క్యాన్సరు కణములకు దీనిని అందకుండ జేసిన నేమగును? బోస్టనులో పిల్లలకు చికిత్స చేయుచున్న సిడ్నీ ఫార్బరు అను వైద్యునికి ఈ యాలోచన కలిగెను. లెడర్లీవారు ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని చేయని అమినోప్టెరిన్ అను పదార్థమును సిద్ధపఱచి ఆయనకిచ్చిరి. కణము దానిని ఆహారమని గ్రహించి మోసపోవును. 1948లో ఫార్బరు ప్రకటించిన ఫలితములలో ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరుగల 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించెను. కాని ఆ మేలు కొలదినెలలే నిలిచెను. వ్యాధి తిరుగబెట్టెను, అప్పుడు అదే మందు పనిచేయదయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావు నిద్రలోనే మరణించెను.

మందు ఏల ఓడెను? కోట్లకొలది కణములలో కొన్ని దానిని లోనికి రానీయవు. మరికొన్ని, మందు ఏ ఎంజైమును బంధించునో ఆ ఎంజైమునే మిక్కుటముగా తయారుచేసికొనును. తక్కినవి చావగా ఇవి మిగిలి పెరుగును. చేనిలో మందు చల్లిన పిదప మిగిలిన పురుగులు పెరిగినట్లే. వీనిని గెలుచుటకు వేరొక త్రోవను దెబ్బతీయు మందు కావలెను.

అది మన పెరళ్లలో పూయు బిళ్ళగన్నేరులో దొరికెను. ఈ మొక్క పుట్టినిల్లు మడగాస్కరు. మధుమేహమునకు మంచిదని కొన్నిదేశములవారు దీని కషాయము త్రాగెడివారు. కెనడాలో నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు ఆ గుణమును పరీక్షింపబోయి, ఎలుకల రక్తమున తెల్లకణములు తగ్గిపోవుట చూచిరి. దానినుండి వింబ్లాస్టిన్ అను పదార్థమును 1958లో వేరుచేసిరి. పిదప అమెరికాలో విన్‌క్రిస్టిన్ లభించెను. ఇది కణము రెండుగా చీలునపుడు ఏర్పడు సన్నని దారములను కట్టనీయదు. టన్నులకొలది ఆకునుండి వచ్చునది కొలది గ్రాములే. (ఆ ఆకు విషము, బాలురెవ్వరును నమలి చూడరాదు.)

1960 తరువాతి తొలియేండ్లలో అమెరికా వైద్యులు, అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేటును, విన్‌క్రిస్టిన్‌ను, మరి రెండు మందులను జతచేసి యిచ్చిరి. ఒకదానికి లొంగని కణము మరొకదానికి లొంగెను. పిల్లలకు ఎక్కువగా వచ్చు ల్యుకేమియాలో, వైద్యసౌకర్యములు బాగుగానున్న దేశములందు, నేడు పదిమందిలో ఇంచుమించు తొమ్మిదిమంది బ్రతుకుచున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేటును విన్‌క్రిస్టిన్‌ను నేటికిని కలవు. అయినను కొన్ని కణములు విన్‌క్రిస్టిన్‌నుగూడ బయటికి తోడివేయు పంపులవంటి ప్రోటీనులను పెంచుకొనుచున్నవి. ఆ పంపులను మూయగల పదార్థములకై శాస్త్రజ్ఞులు ఇప్పుడును మొక్కలను వెదకుచున్నారు.