కొండలను గెలిచిన కొప్పీ

సైకిలు సామాన్యుని వాహనం. పాపారపట్టినుండి ధర్మపురికి, పెన్నాగరానికి పోయే బాటలమీద వెనుక మూటలు కట్టుకొని సైకిలు త్రొక్కిన తాతలు, తండ్రులు మన తెలుగు కుటుంబాలలో ఎందరో ఉన్నారు. ఎత్తు వచ్చినచోట దిగి త్రోసుకొని పోవడం, పల్లం వచ్చినచోట ఎక్కి కూర్చోవడం వారికి తెలిసిన విద్య. ఏర్కాడు కొండకు బస్సులో పోయినవారికి కూడా ఆ 20 మలుపులు ఎట్టివో తెలుసు.

అంతకన్న పెద్ద కొండలను దిగకుండా, త్రోయకుండా, సైకిలుమీదనే దాటి లోకప్రసిద్ధి పొందిన ఒక రైతుబిడ్డ చరిత్రను ఈ ఉగాదినాడు చెప్పుకొందాము. అతని పేరు ఫౌస్తో కొప్పీ. ఇటలీ దేశస్థుడు. ఎక్కడి ఇటలీ, ఎక్కడి పాపారపట్టి అని పాఠకులు అనుకోవచ్చును. కాని అతని కథ చివరికి మన సికిందరాబాదు వచ్చి చేరుతుంది. అందుకే ఈ ప్రయత్నం.

కొప్పీ 1919 సెప్టెంబరు 15వ తేదీన ఉత్తర ఇటలీలోని కస్తెల్లానియా అనే చిన్న కొండపల్లెలో జన్మించినాడు. తల్లిదండ్రులకు అయిదుగురు బిడ్డలు, అతడు నాలుగవవాడు. సన్నని శరీరం, పొడుగాటి కాళ్లు. పదమూడవ యేట చదువు మాని, నోవి లిగూరె అనే పట్టణంలో ఒక మాంసపు దుకాణంలో కుదిరినాడు. ఇంటింటికీ సైకిలుమీద సరుకు చేర్చడమే అతని పని. ఓడలలో పనిచేసే పినతండ్రి ఇచ్చిన సొమ్ము కలిసివచ్చి, పందెపు సైకిలు ఒకటి అమరినది. ఆ పట్టణంలోనే బియాజియో కవన్నా అనే ఒక అంధుడు ఉండేవాడు. ఆయన పందెగాండ్రకు ఒళ్లుపట్టి తరిఫీదు ఇచ్చేవాడు. కండరాలను చేతితో తడిమి మనిషి సత్తువను పసికట్టే ఆయన చేతిలో కొప్పీ తయారైనాడు.

ఇటలీ దేశమంతా చుట్టివచ్చే సైకిలు పందెం ఒకటి ఉన్నది. దానిని జీరో ది ఇటాలియా అంటారు. మూడు వారాలు, మూడువేల కిలోమీటర్లకు పైబడిన దారి. 1940లో జీనో బర్తాలీ అనే మహావీరునికి సహాయకునిగా కొప్పీని జట్టులో చేర్చుకొన్నారు. అప్పటికి అతనికి నిండా ఇరవై యేండ్లు. నాయకుడు ఆరంభంలోనే పడి దెబ్బతినగా, సహాయకుడు అపెన్నైన్ కొండలలోని అబెతోనే కనుమను వానలో ఒంటరిగా దాటి, చివరికి పందెమే గెలిచినాడు. జూన్ 9న పందెం ముగిసినది. మరునాడే ఇటలీ రెండవ ప్రపంచయుద్ధంలో ప్రవేశించినది.

1942లో మిలాను నగరంలో ఒక గంటలో 45 కిలోమీటర్లకు పైగా త్రొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పినాడు. అది 14 సంవత్సరాలు నిలిచినది. కాని 1943లో సైనికునిగా ట్యునీసియాలో బ్రిటిష్ వారికి పట్టుబడి, యుద్ధం ముగిసేదాకా బందీగా ఉండవలసి వచ్చినది. క్రీడాకారునికి పండువంటి సంవత్సరాలు అట్లా గడచిపోయినవి. ఐనప్పటికీ 1946లో మిలాను - సాన్ రేమో పందెంలో రెండవవానికంటె 14 నిమిషాల ముందు గమ్యం చేరినాడు.

ఇటలీకి, ఫ్రాన్సుకు నడుమ ఆల్ప్స్ పర్వతాలు ఉన్నవి. 2,000 మీటర్లు దాటిన కనుమలమీదుగా రోడ్లు పోతవి. జూన్ నెలలో కూడా బాట ప్రక్కన మంచు కనబడుతుంది. ఆ రోజులలో అందులో చాలాభాగం మట్టిబాట. చదును నేలమీద వేగంగా పోయేటప్పుడు ముందువాని వెనుక ఒదిగి పోతే గాలి తగలదు, శ్రమ తగ్గుతుంది. కొండ ఎక్కేటప్పుడు వేగమే ఉండదు కనుక ఆ చాటు పెద్దగా పనికిరాదు. ఎవని బరువు వాడే మోసుకోవలెను. అందుచేతనే పందెగాని అసలు సత్తువ కొండమీద తేలుతుందంటారు.

1949 జూన్ 10వ తేదీ దీనికి నిదర్శనం. కూనియోనుండి పినెరోలోకు 254 కిలోమీటర్లు. మధ్యలో అయిదు కనుమలు. మొదటి కనుమ ఎక్కేటప్పుడే కొప్పీ గుంపును వీడినాడు. మిగిలిన 190 కిలోమీటర్లకు పైబడిన దారి అంతా ఒంటరిగా త్రొక్కినాడు. అది ధర్మపురినుండి సేలానికి దాదాపు మూడుమార్లు పోయినంత దూరం. రెండవవాడుగా వచ్చిన బర్తాలీ సుమారు 12 నిమిషాలు వెనుకబడినాడు. ఆ యేడు కొప్పీ ఇటలీ పందెమే గాక, ఫ్రాన్సు దేశం చుట్టివచ్చే టూర్ ది ఫ్రాన్స్ కూడా గెలిచినాడు. ఒకే సంవత్సరంలో రెండూ గెలిచినవారిలో అతడే ప్రథముడు. 1952లో మళ్లీ రెండూ గెలిచినాడు. ఆ యేడే ఫ్రాన్సు పందెం ఆల్ప్ ద్యుయేజ్ కొండకు తొలిసారిగా ఎక్కినది. మన ఏర్కాడు దారికంటె ఒక మలుపు ఎక్కువ, 21 మలుపులు! మొదట పైకి చేరినవాడు కొప్పీయే. 1953లో స్తెల్వియో కనుమమీద ప్రత్యర్థిని వెనుకకు నెట్టి ఇటలీ పందెాన్ని అయిదవసారి గెలిచినాడు. ఆ కనుమ ఎత్తు 2,758 మీటర్లు. నీలగిరులలోని దొడ్డబెట్ట శిఖరంకన్న వంద మీటర్లకు పైగా ఎక్కువ.

కీర్తితోపాటు దుఃఖం కూడా అతని వెంట నడచినది. తోడబుట్టిన సెర్సే కూడా పందెగాడే. 1951లో ట్యూరిన్ నగరంలో సైకిలుమీదనుండి పడి, తలకు తగిలిన దెబ్బతో ఆనాడే మరణించినాడు. తరువాత కొప్పీ వివాహజీవితం చీలి, వ్యవహారం న్యాయస్థానం దాకా పోయినది. లోకనింద పడినాడు. వయస్సు మళ్లి గెలుపులు తగ్గినా సైకిలును మాత్రం విడువలేదు.

1959 డిసెంబరులో కొందరు ఫ్రెంచి పందెగాండ్రతో కలిసి ఆఫ్రికాలోని అప్పర్ వోల్టాకు పోయినాడు. ఇప్పుడు ఆ దేశం పేరు బుర్కినా ఫాసో. అక్కడ పందెం, తరువాత వేట. అతనితోపాటు రఫాయెల్ జెమినియానీ అనే మిత్రుడు ఉన్నాడు. రాత్రులు దోమలు కుట్టినవి. ఇండ్లకు తిరిగివచ్చిన కొద్దిదినాలకే ఇద్దరికీ విపరీతమైన జ్వరం వచ్చినది. ఫ్రాన్సులో జెమినియానీ రక్తం పరీక్షించి మలేరియా అని తేల్చి క్వినైన్ ఇచ్చినారు. అతడు బ్రతికి, 99 యేండ్లు జీవించి, 2024లో కన్నుమూసినాడు. ఇటలీలో కొప్పీకి మాత్రం ఇన్‌ఫ్లుయెంజా, ఊపిరితిత్తుల జబ్బు అనుకొని వైద్యం చేసినారు. ఫ్రాన్సునుండి తనవారు కబురు పంపినా అక్కడ లక్ష్యపెట్టలేదని జెమినియానీ తరువాత చెబుతూ వచ్చినాడు. 1960 జనవరి 2వ తేదీ ఉదయం తొర్తోనా ఆసుపత్రిలో కొప్పీ ప్రాణం విడిచినాడు. అప్పటికి అతనికి నలభై యేండ్లే.

ఇక సికిందరాబాదు సంగతి. మలేరియాకు కారణమైన సూక్ష్మజీవిని రోగి రక్తంలో 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు కనుగొన్నాడు. అది దోమలో పెరుగుతుందని 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులోని బేగంపేటలో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో చూచినాడు. అందుకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. కొప్పీ మరణించేనాటికి ఆ విషయం లోకానికి తెలిసి 62 సంవత్సరాలు. మందూ ఉన్నది, పరీక్షా ఉన్నది. కావలసినది ఒక్క రక్తపు చుక్క, ఒక గాజుపలక. కొరవడినది విద్య కాదు. ఈ మనిషి ఎక్కడినుండి వచ్చినాడన్న విచారణ.

ఊరు విడిచి బ్రతికేవారమైన మనకు ఇందులో ఒక మాట ఉన్నది. మన పిల్లలు నేడు ఏజెన్సీ ప్రాంతాలకు, ఒడిశా అడవులకు, ఆఫ్రికా దేశాలకు పనులమీద పోతున్నారు. పోయివచ్చిన మనిషి తాను తిరిగిన చోటును శరీరంలో కూడా వెంట తెచ్చుకోవచ్చును. తిరిగివచ్చిన వారానికో, నెలకో, ఇంకా ఆలస్యంగానో జ్వరం వస్తే, ఏ ఊరినుండి వచ్చినదీ వైద్యునికి మొట్టమొదట చెప్పవలెను. ఆయన అడగకపోయినా చెప్పవలెను. ఆనాడే రక్తం పరీక్ష చేయించవలెను.

1965నుండి ఇటలీ పందెంలో ప్రతి యేడూ అన్నిటికన్న ఎత్తైన కనుమను కొప్పీ శిఖరమని పిలుస్తున్నారు. 2019లో అతని నూరవ జయంతి సంవత్సరాన, పుట్టిన పల్లె తన పేరుకు అతని పేరును చేర్చుకొన్నది. అంతటి కొండలు దాటినవానిని ఒక దోమ పడగొట్టినది. ఉగాది పచ్చడిలో వేపపువ్వును బెల్లంతో కలిపి తిన్నట్లే ఈ చరిత్రలోని చేదును, తీపిని కలిపి గ్రహించుదాము. ఈ కొత్త సంవత్సరంలో దూరాలకు పోయిన మనవారందరూ ఆరోగ్యంతో ఇల్లు చేరుదురు గాక!