లండన్ కార్నివాల్‌కు తల్లి క్లాడియా జోన్స్

లండన్‌లోని నాటింగ్ హిల్ వీధుల్లో ప్రతి ఏటా ఆగస్టు చివరి వారంలో కరీబియన్ కార్నివాల్ జరుగుతుంది. రంగురంగుల వేషాలు, స్టీల్ డ్రమ్ముల వాద్యం, కలిప్సో గానం నడుమ లక్షలాది మంది పాల్గొనే ఈ వేడుకకు తల్లిగా చరిత్ర గుర్తించిన పాత్రికేయురాలు క్లాడియా జోన్స్.

1915 ఫిబ్రవరి 21న ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆమె జన్మించారు. 1924లో న్యూయార్క్ చేరిన ఆ కుటుంబాన్ని పేదరికం వెన్నాడింది. దుస్తుల కర్మాగారంలో పనిచేసిన తల్లి కొన్నేళ్లకే కన్నుమూశారు. పదిహేడేళ్ల ప్రాయంలో క్లాడియాకు క్షయ సోకింది. ఆ వ్యాధి ఆమె ఆరోగ్యాన్ని శాశ్వతంగా దెబ్బతీసింది. అయినా కమ్యూనిస్టు ఉద్యమంలో చేరి, నల్లజాతి మహిళా కార్మికుల హక్కుల కోసం కలం పట్టారు. అమెరికా ప్రభుత్వం ఆమెను జైలులో నిర్బంధించి, 1955 డిసెంబరులో దేశం నుంచి బహిష్కరించింది. బ్రిటన్ ఆమెకు ఆశ్రయమైంది.

1958 మార్చిలో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో ఆమె వెస్ట్ ఇండియన్ గెజెట్ పత్రికను స్థాపించారు. అదే ఏడాది వేసవి ముగిసే వేళ నాటింగ్ హిల్‌లో శ్వేతజాతి యువకుల మూకలు కరీబియన్ వలసదారుల ఇళ్లపై దాడులకు దిగాయి. భయంతో తలుపులు మూసుకున్న తన ప్రజలను ఆటపాటలతో మళ్లీ ఒక్కచోటికి చేర్చాలని క్లాడియా సంకల్పించారు.

ట్రినిడాడ్‌లో కార్నివాల్ ఎండ కాసే వీధుల్లో జరుగుతుంది. లండన్‌లో అది గడ్డకట్టే చలికాలం. అందుకే 1959 జనవరి 30న సెయింట్ పాంక్రాస్ టౌన్ హాలులో, నాలుగు గోడల మధ్య కార్నివాల్ నిర్వహించారు. బీబీసీ ఆ వేడుకను టెలివిజన్‌లో ప్రసారం చేసింది. వసూలైన సొమ్ములో కొంత భాగాన్ని అల్లర్ల కేసుల్లో జరిమానా పడిన యువకులకు సాయంగా కేటాయించారు. ఆ సాయం నల్లవారికే కాక తెల్లవారికీ ఉద్దేశించినది కావడం విశేషం.

ఆ తరువాతి సంవత్సరాల్లోనూ ఆమె ఈ వేడుకలను కొనసాగించారు. పత్రికను అప్పుల భారంతోనే నడిపారు. 1964 డిసెంబరులో, క్రిస్మస్ వేళ, 49 ఏళ్ల వయసులో గుండె జబ్బుతో మరణించారు. మరికొద్ది నెలలకే పత్రిక నిలిచిపోయింది.

1966లో రోన్ లాస్లెట్ అనే సామాజిక కార్యకర్త నాటింగ్ హిల్‌లో ఇరుగుపొరుగు జాతులన్నిటినీ కలుపుతూ ఒక ఉత్సవం జరిపారు. అందులో స్టీల్ బ్యాండు హాలు దాటి వీధిలోకి నడిచింది. ఒకనాడు దాడులు జరిగిన ఆ పేటలో సాగిన ఊరేగింపును చూసే భాగ్యం క్లాడియాకు దక్కలేదు. లండన్‌లోని హైగేట్ శ్మశానవాటికలో, కార్ల్ మార్క్స్ సమాధి పక్కన ఆమె శాశ్వత విశ్రాంతి పొందుతున్నారు.