మెట్రిక్ రెండుసార్లు తప్పారు.. రక్తపరీక్షకు దారి చూపారు!

పాన్‌గల్‌లో పొద్దున్నే బస్సెక్కి వనపర్తి కాలేజీకి వెళ్తుంటారా? ఇంకా ఒకటో రెండో సబ్జెక్టులు మిగిలిపోయాయా? లైఫ్ సైన్సెస్ చదివితే ఉద్యోగం ఎక్కడొస్తుందని బెంగగా ఉందా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. మామగారి సాయంతో అమెరికా వెళ్లాక, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులూ చేశారు.

అక్కడే ఆయన దశ తిరిగింది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ దీన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే చదువుతారు.

రొమ్ము క్యాన్సర్‌ను రక్తపు చుక్కలో ముందే పట్టాలన్న నేటి పరిశోధనకూ మూలసూత్రం అదే: కంటికి కనిపించనిదాన్ని కచ్చితంగా కొలవడం. క్యాన్సర్ కణాలు రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ ముక్కలను, ప్రొటీన్లను వెతుకుతున్నారు. చిక్కేమిటంటే, తొలిదశలో అవి చాలా తక్కువగా ఉంటాయి. సీఏ 15-3 పరీక్ష కూడా ఎక్కువగా చికిత్స తీరును గమనించడానికే పనికొస్తోంది. అందుకే మామోగ్రామ్‌కు బదులుగా నిలిచే రక్తపరీక్ష ఇంకా రాలేదు. ఇంట్లో ఎవరికైనా రొమ్ములో గడ్డ తగిలితే రక్తపరీక్షతో సరిపెట్టకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

సుబ్బారావుకు హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. తర్వాతి కాలంలో రొమ్ము క్యాన్సర్ చికిత్సలోనూ దాన్ని వాడారు. అది చూడకుండానే 1948లో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

మీ సంగతికొద్దాం. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు.. ఏది ఎంచుకున్నా ప్రాక్టికల్స్‌ను తేలిగ్గా తీసుకోకండి. శాంపిల్ కచ్చితంగా కొలవడం, రీడింగ్ ఉన్నదున్నట్టు రాయడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. మిగిలిన సబ్జెక్టుకు ఈసారి ఫీజు కట్టేయండి. ఆయన మూడోసారీ రాశారు మరి!