కెన్నెత్ అండర్సన్

కెన్నెత్ డగ్లస్ స్టూవర్ట్ అండర్సన్ (మార్చి 8, 1910 - ఆగష్టు 30, 1974) దక్షిణ భారతదేశంలో పేరొందిన వేటగాడు, రచయిత. సికింద్రాబాదు సమీపంలోని బొల్లారంలో జన్మించి, బెంగుళూరులో స్థిరపడ్డాడు. మనుషులను చంపుతున్నవని ప్రభుత్వం ప్రకటించిన పులులను, చిరుతపులులను వేటాడి, ఆ అనుభవాలను ఆంగ్లంలో పుస్తకాలుగా రాశాడు. అరసికెరె ప్రాంతంలో పన్నెండు మందిని బలిగొన్న ఎలుగుబంటిని చంపినవాడుగా కూడా ఆయన ప్రసిద్ధుడు. ఉత్తర భారతదేశానికి జిమ్ కార్బెట్ ఎటువంటివాడో దక్షిణాదికి అండర్సన్ అటువంటివాడని పాఠకులు భావిస్తారు. వేటకు వెళ్ళేముందు అడవిని చదవడం నేర్చుకోవాలన్నది ఆయన రచనలన్నిటిలోనూ కనిపించే పాఠం.

జననం, విద్య

అండర్సన్ పూర్వీకులు స్కాట్లండు దేశస్థులు. ఆ కుటుంబం ఆరు తరాలుగా భారతదేశంలోనే నివసించింది. తండ్రి డగ్లస్ స్టూవర్ట్ అండర్సన్ సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే శాఖలో ఉద్యోగి. ఆయనకు గౌరవ కెప్టెన్ హోదా ఉండేది. ఆనాడు బొల్లారం బ్రిటిషు సైనిక స్థావరం. రెసిడెంటు వేసవి విడిది అక్కడే ఉండేది. ఆ భవనమే నేటి రాష్ట్రపతి నిలయం. ఇప్పుడు హైదరాబాదు నగరంలో కలిసిపోయిన ఉప్పల్, నాచారం వంటి తూర్పు శివార్లు అప్పట్లో పొలాలు, చెరువులు, బండరాళ్ళ గుట్టల మధ్య ఉన్న పల్లెలు.

తండ్రికి నీటిపక్షుల వేట, చిన్న జంతువుల వేట అంటే ఇష్టం. కుమారుడికి చిన్ననాడే తుపాకి పట్టడం నేర్పాడు. అండర్సన్ బెంగుళూరులోని బిషప్ కాటన్ బాలుర పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివాడు. న్యాయశాస్త్రం చదవడానికి ఎడింబరో పంపించగా, ఆ చదువును మధ్యలో విడిచిపెట్టి తిరిగివచ్చాడు.

ఉద్యోగం, కుటుంబం

స్వదేశానికి వచ్చిన తరువాత తంతి తపాలా శాఖలో సుమారు పదిహేనేళ్ళు పనిచేశాడు. అనంతరం బెంగుళూరులోని విమానాల కర్మాగారంలో చేరి, ప్రణాళికా విభాగంలో మేనేజరు స్థాయికి ఎదిగాడు. కనుక వేట ఆయనకు వృత్తి కాదు. సెలవు దినాలలో, వారాంతాలలో అడవికి వెళ్ళేవాడు. ఆయనకు ఒక కుమారుడు డొనాల్డ్, ఒక కుమార్తె జూన్. డొనాల్డ్ కూడా తండ్రి వెంట అడవులు తిరిగి వేటగాడుగా పేరుపొందాడు. 2014లో మరణించిన డొనాల్డ్ జ్ఞాపకాలు 2018లో 'ది లాస్ట్ వైట్ హంటర్' అనే పుస్తకంగా వెలువడ్డాయి.

వేట విధానం

ఆ కాలంలో వేట చట్టబద్ధమే. అయితే అడవిని ప్రాంతాలుగా విభజించి, రుసుము తీసుకుని, నిర్ణీత కాలానికి అటవీశాఖ అనుమతిపత్రాలు ఇచ్చేది. ఏదైనా జంతువు మనుషులను చంపుతున్నదని రుజువైతే దానిని కాల్చడానికి ప్రత్యేకంగా ప్రకటన చేసేవారు. ప్రభుత్వ రికార్డుల ప్రకారం 1939 - 1966 మధ్య కాలంలో అండర్సన్ మనుషులను తినే 8 చిరుతపులులను, 7 పులులను చంపాడు. ఆయన ఎక్కువగా .405 వించెస్టర్ రైఫిలు వాడేవాడు.

కొత్త ప్రాంతానికి వెళ్ళినప్పుడు అండర్సన్ మొదట చేసే పని తుపాకి సర్దుకోవడం కాదు, మనుషులతో మాట్లాడటం. పశువుల కాపరులు, కట్టెలు కొట్టేవారు, అటవీ గార్డులు, రైల్వే సిబ్బంది, గిరిజనులు ఆయనకు సమాచారం ఇచ్చేవారు. ఏ తేదీన ఏ ఊరివద్ద దాడి జరిగిందో గుర్తించి, ఆ జంతువు తిరిగే దారిని అంచనా వేసేవాడు. తరువాత వాగుల ఇసుకలో, బండ్లబాటల దుమ్ములో అడుగుజాడలు వెతికేవాడు. ఎర కట్టి మంచెమీద రాత్రంతా కాచుకోవడం, లేదా చంపిన పశువు దగ్గర పొంచి ఉండటం ఆ తరువాతి సంగతి. పులి లేదా చిరుత వచ్చినప్పుడు కోతులు, దుప్పులు, నెమళ్ళు చేసే హెచ్చరిక కూతలను బట్టి అది ఎటు కదులుతున్నదో తెలుసుకునేవాడు. పూజారి తెగకు చెందిన బైర, మరొక అనుచరుడు రంగా ఆయన కథలలో తరచు కనబడతారు. అడవిలో తనకు తెలిసినదానిలో చాలాభాగం ఇటువంటివారి వద్ద నేర్చుకున్నదేనని ఆయన రచనల వల్ల స్పష్టమవుతుంది.

తెలుగు ప్రాంతాలలో

అండర్సన్ కథలలో చాలావరకు నేటి కర్ణాటక, తమిళనాడు అడవులలో జరిగినవి. అయినప్పటికీ తెలుగు నేల కూడా వాటిలో ముఖ్యమైన స్థానం పొందింది. మొదటి పుస్తకంలోని చామల లోయ పులి కథ, రెండవ పుస్తకంలోని మామండూరు పులి కథ శేషాచలం కొండల పరిసరాలలో జరిగినవి. భాకరాపేట, నాగపట్ల, పులిబోను వంటి పేర్లను ఆంగ్ల పాఠకులకు పరిచయం చేసినది ఈ కథలే. ఎర్రచందనం పెరిగే ఈ అడవులలో కొంతభాగం 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ఏర్పడింది. శేషాచలం 2010లో జీవావరణ రక్షిత ప్రాంతమైనది.

1959లో వెలువడిన పుస్తకంలో ఒక కథకు హైదరాబాదు పేరు ఉన్నది. నల్లమలలో నంద్యాల - గిద్దలూరు రైలుమార్గం మీది గాజులపల్లి, బసవాపురం, చెలమ స్టేషన్ల పరిసరాలు దానికి రంగస్థలం. అడవి నడుమ నుండే చిన్న స్టేషన్లలో రాత్రివేళ పనిచేసే సిబ్బంది భయం, చెంచుల జీవనం ఇందులో వివరంగా కనిపిస్తాయి. ఈ నల్లమల అడవులలో విస్తారమైన భాగం తరువాత నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం అయినది.

అరసికెరె ఎలుగుబంటి

అండర్సన్ జీవితంలో పులులకు సంబంధించని సంఘటనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది అరసికెరె ఎలుగుబంటి వేట. ఇది 1957లో వెలువడిన 'మాన్-ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్' పుస్తకంలో ఉన్నది. మైసూరు రాష్ట్రంలో అరసికెరెకు తూర్పున ఉన్న నాగవార కొండలు ఆ ఎలుగుబంటి స్థావరం. అది కనీసం పన్నెండు మందిని చంపింది, మరొక ఇరవైనలుగురిని గాయపరచింది. బ్రతికి బయటపడినవారిలో అనేకులు కళ్ళు, ముక్కు పోగొట్టుకున్నారు.

ఆ ప్రాంతంలో రహదారి పక్కన ఒక దర్గాను చూసుకునే ఆలంబక్ష్ అనే వృద్ధుడు అండర్సన్ కు మిత్రుడు. ఆయన కుమారుడు రాత్రివేళ తమ గుడిసె వెలుపల ఈ ఎలుగుబంటి బారినపడి మరణించాడు. ఆలంబక్ష్ కబురు పంపగా అండర్సన్ వచ్చి వెతికాడు గాని ఎలుగుబంటి కనిపించలేదు. తరువాత అది చిక్కమగళూరు వైపున సక్రెపట్న దగ్గర కట్టెలు కొట్టేవారిపై పడింది. అక్కడి ప్రయత్నం కూడా ఫలించలేదు. మూడవసారి అది తిరిగి పాత స్థావరానికి చేరుకున్నదని తెలిసి, పండ్ల కోసం వచ్చే అత్తిచెట్టు దగ్గర రాత్రి కాచి చంపాడు.

ఈ కథలో గమనించదగిన విషయం ఒకటున్నది. ఎలుగుబంటి సాధారణంగా మనుషులను ఆహారం కోసం చంపదు. ఈ ఎలుగుబంటి ఎందుకు ఇలా మారిందన్న ప్రశ్నకు ఆ ఊళ్ళలో పలువిధాల కథనాలు వ్యాపించాయి. పిల్లలను పోగొట్టుకున్నదని కొందరు, మనుషుల చేతిలో గాయపడినదని కొందరు భావించారు. మనిషి చేసిన గాయమే మృగాన్ని మనిషిపైకి ఉసిగొల్పుతుందన్న ఆలోచన అండర్సన్ పులి కథలలో కూడా పదేపదే వస్తుంది. సరిగా తగలని తుపాకిగుండు, ముళ్ళపంది ముల్లు, తరిగిపోయిన వేట జంతువులు కారణంగా పులి మనిషి జోలికి వస్తుందని ఆయన వివరించాడు.

ఎలుగుబంటి నివాస ప్రాంతాలు

అండర్సన్ నల్ల ఎలుగుబంటిగా పేర్కొన్నది నిజానికి దక్కనులో సాధారణంగా కనిపించే ఎలుగుబంటే. హిమాలయ ప్రాంతాలలోని నల్ల ఎలుగుబంటి వేరు. అమెరికాలో నేటికీ అనుమతితో వేటాడే నల్ల ఎలుగుబంటి మరొక జాతి. దక్కను ఎలుగుబంటికి పొడవైన నల్లని జూలు, ఛాతీపై తెల్లని వంపు గీత, పుట్టలు తవ్వడానికి తగిన పొడవాటి గోళ్ళు ఉంటాయి. పైదవడలో ముందరి పళ్ళు రెండు ఉండవు. ఆ సందునుండి గాలిని పీల్చి చెదలను నోటిలోకి లాగుకుంటుంది. ఆ శబ్దం కొంత దూరం వినిపిస్తుంది.

ఎలుగుబంటి ఎక్కడ ఉంటుందో తెలుసుకోవడానికి అనుభవజ్ఞులు మూడు విషయాలు చూసేవారు. మొదటిది పగటి విశ్రాంతికి తగిన గుహలు, బండల సందులు ఉన్న గుట్టలు. రెండవది చెదపుట్టలు, నీటివసతి. మూడవది ఋతువును బట్టి ఆహారమిచ్చే చెట్లు. వేసవిలో ఇప్పపువ్వు, తునికి పండ్లు, ఆ తరువాత నేరేడు, మరొక కాలంలో రేగు, మేడి పండ్లు దాని ఆహారం. తవ్విపోసిన పుట్టలు, చెట్ల కాండాలపై గోళ్ళ గీతలు, గింజలతో నిండిన పెంటలు దాని ఉనికికి గుర్తులు.

దీని చూపు అంత చురుకైనది కాదు, ఘ్రాణశక్తి మాత్రం ఎక్కువ. తిండిలో మునిగి ఉన్నప్పుడు మనిషి దగ్గరకు వచ్చేవరకు గమనించదు. అకస్మాత్తుగా ఎదురైతే పారిపోవడానికి బదులు మీద పడుతుంది. గాయాలు ఎక్కువగా ముఖానికి, తలకు తగలడానికి అది వెనుకకాళ్ళపై లేచి దాడిచేయడం ఒక కారణం. వెంట పిల్లలున్న తల్లి మరీ ప్రమాదకరం. ఇప్పపువ్వు ఏరుకోవడానికి తెల్లవారకముందే అడవికి వెళ్ళే పేదలే తరచు దీని బారిన పడతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిమామిడి తోటల మధ్య కూడా ఎలుగుబంట్ల దాడులు జరిగాయి.

వేట నుండి సంరక్షణకు

అండర్సన్ అనేకసార్లు ఆయుధం లేకుండా ఒంటరిగా అడవిలో తిరిగేవాడు. రాత్రి ఎండిపోయిన వాగు ఒడ్డున కూర్చుని శబ్దాలు వినడం ఆయనకు ఇష్టమైన వ్యాపకం. అడవులు తరిగిపోవడం, దొంగవేట, జీపులలో లైట్లు వేసి రాత్రిపూట కాల్చడం వంటివాటిని తీవ్రంగా ఖండించాడు. చివరి పుస్తకాలలో వేట కంటే అడవి అంతరించిపోతున్నదన్న బాధ ఎక్కువగా కనిపిస్తుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణ పథకం ప్రారంభమైనది. ఎలుగుబంటి ప్రస్తుతం ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని వేటాడటం జైలుశిక్షకు గురిచేసే నేరం. కర్ణాటకలో హంపి సమీపాన దరోజి వద్ద ఎలుగుబంట్ల కోసమే 1994లో అభయారణ్యం ఏర్పడింది. ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకునే కలందర్లకు ఇతర జీవనోపాధి కల్పించడంతో 2009 నాటికి వీధులలో ఎలుగుబంటి ఆటలు దాదాపు అంతరించాయి.

రచనలు

నైన్ మాన్-ఈటర్స్ అండ్ వన్ రోగ్ (1954)
మాన్-ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్ (1957)
ది బ్లాక్ పాంథర్ ఆఫ్ శివనిపల్లి (1959)
ది కాల్ ఆఫ్ ది మాన్-ఈటర్ (1961)
దిస్ ఈజ్ ది జంగిల్ (1964)
ది టైగర్ రోర్స్ (1967)
ది ఫైర్స్ ఆఫ్ పాషన్ (నవల, 1969)
టేల్స్ ఫ్రమ్ ది ఇండియన్ జంగిల్ (1970)
జంగిల్స్ లాంగ్ అగో (మరణానంతరం, 1976)

ఈ కథలను ప్రముఖ కన్నడ రచయిత పూర్ణచంద్ర తేజస్వి కన్నడంలోకి అనుసృజించాడు. అవి కన్నడ పాఠకులలో విశేష ఆదరణ పొందాయి.

మరణం, ప్రభావం

అండర్సన్ క్యాన్సరు వ్యాధితో 1974 ఆగష్టు 30న బెంగుళూరులో మరణించాడు. ఆయన వర్ణించిన స్థలాలను వెతుక్కుంటూ వెళ్ళే పాఠకులు నేటికీ ఉన్నారు. వారి చేతిలో తుపాకి ఉండదు, కెమెరా ఉంటుంది. కథలలోని పల్లెలు కొన్ని పట్టణాలుగా మారాయి, కొన్ని వాగులు ఎండిపోయాయి. చామల లోయ పులులు కథలలోనే మిగిలాయి. ఎలుగుబంటి మాత్రం రాయలసీమ గుట్టలలోను, నల్లమలలోను ఇంకా నిలిచి ఉన్నది. ఒక జంతువు ఉండే చోటును కనుగొనడానికి అండర్సన్ నేర్చుకున్న గుర్తులే, పుట్ట, పండు, గుహ, అడుగుజాడ, నేడు అటవీ సిబ్బంది ఎలుగుబంట్లను లెక్కించడానికి, పల్లెవాసులు వాటి దారికి దూరంగా మసలుకోవడానికి ఉపయోగపడుతున్నాయి.